సాపు చేసిన చీటీలు

"తిన్నావా?" అని అడిగింది ఆఫీసులో ఎదురు బల్ల అక్క, లోపలికి వెళ్తూ వెళ్తూ. భుజం మీద చెయ్యి కూడా వేసింది. పంతొమ్మిదేళ్ళుగా రోజూ పదకొండింటికి అడిగే మాటే, అదే గొంతు, అదే చెయ్యి. అలవాటు కొద్దీ ఆమె కూడా "ఆఁ, తిన్నాను" అనేసింది, పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకపోయినా. తలుపు మూసుకున్నాక గానీ తట్టలేదు, తాను జవాబు చెప్పింది ఎవరికో. ఈ పుస్తకం నీది కాదు, నాది అని చెప్పడానికి లోపలికి వెళ్తున్న మనిషికి. నాలుక కరుచుకుంది. అయినా నాలుకదేం తప్పు పాపం, సోమవారం నుంచి ఆవిడ పరాయిదైపోయిందని దానికెవరు చెప్పారు? మనసుకే ఇంకా సరిగ్గా ఎక్కలేదు. అటెండరు వచ్చి, "ఒక్కొక్కరినీ పిలుస్తారట చీటీలమ్మా, మీ వంతు రావడానికి గంట పడుతుంది, కూర్చోండి" అని బెంచీ చూపించి వెళ్ళాడు. ఆఫీసులో ఆమెని అందరూ అలాగే పిలుస్తారు. పేరు పెట్టి పిలిచేది ఒక్క అక్కే. ఇప్పుడు ఆ పేరు పుస్తకంలోంచి తీసేసింది కూడా ఆవిడే.

బెంచీ గట్టిది, నడుముకి తగిలే చోట ఎవరో మేకుతో గీసిన గీతలు. ఎదురుగా తలుపు మీద ఇత్తడి పలక, దాని మీద 'బోర్డు గది'. చదవగానే బుర్ర తన పని తాను మొదలెట్టేసింది, ఇల్లు తగలబడుతుంటే చుట్టకి నిప్పు వెతుక్కున్నట్టు. 'బోర్డు' మాటకి తాను రాసిన అర్థాల చీటీల్లో పద్నాలుగోది: ఒక సంస్థ వ్యవహారాలు తేల్చే పెద్దమనుషుల గుంపు. అంతకు ముందు పదమూడోది: వాళ్ళు చుట్టూ కూర్చునే బల్ల. ఆ ముందుదీ, ఆ ముందుదీ, అలా వెనక్కి వెళ్తే మొదట్లో ఉన్నది ఉత్త చెక్క. ఇంగ్లీషువాళ్ళ పాత భాషలో కోసిన పలకకి ఆ మాట. పలక కింద కాళ్ళు పెడితే భోజనాల బల్ల, బల్ల మీద పెట్టే తిండికీ అదే పేరు, ఆ తిండి తిని అక్కడే పడుండేవాడు బోర్డరు, తిన్నాక అదే బల్ల చుట్టూ చేరి ఎవరిది తప్పో ఎవరిది ఒప్పో తేల్చేవాళ్ళు బోర్డు. మొదట ఈ వరస కాగితం మీద పేర్చుకున్నప్పుడు ఆమెకి ఒళ్ళు పులకరించింది. ఒక చెక్కముక్క తిండయింది, తిండి మనుషులయింది, మనుషులు తీర్పయ్యారు! ఎదురు బల్ల దగ్గరున్న అక్కకి గట్టిగా చదివి వినిపించింది. అక్క కళ్ళజోడు పైకి తోసుకుని, "నీకేమే, చెక్కలో కూడా చక్కెర కనిపిస్తుంది" అని నవ్వింది. ఆ నవ్వు కోసం ఆమె ఎన్ని మాటలు తవ్విపోసిందో ఈ పంతొమ్మిదేళ్ళలో.

వాళ్ళది మన నోట పడ్డ ఇంగ్లీషు మాటల నిఘంటువు. మాట ఎక్కడ పుట్టిందన్నది ఒక ఎత్తు, మన నోట్లోకొచ్చి ఏమైందన్నది ఇంకో ఎత్తు. నల్ల బోర్డు, స్విచ్ బోర్డు, క్యారమ్ బోర్డు, బోర్డు పరీక్షలు, డాక్టరు గుమ్మం మీద పేరు బోర్డు. ఒక్కో అర్థానికి ఒక్కో చీటీ. చీటీకి ముందు వైపు అర్థం, ఒక వాక్యం. ఆ వాక్యం సొంతంగా అల్లకూడదు, నిజంగా ఎవరో ఒకరు అని ఉండాలి, అదీ పెద్ద సంపాదకుడు పెట్టిన నియమం. ఎవరన్నారు, ఎక్కడ, ఏ రోజు అన్నది చీటీ వెనక వైపు రాయాలి. ఆయన పోయి పదేళ్ళయినా నియమం పోలేదు. చీటీ సరిపోయిందనుకున్నాక సాపు రాయాలి, సాపు రాయగానే చిత్తు చీటీ చింపేయాలి, లేకపోతే రెండు రకాల చీటీలు కలిసిపోయి కొంప మునుగుతుందని. అంతవరకు బాగానే ఉంది. కానీ ఆమె రాత కోడి కెలికినట్టు ఉంటుంది. తాను రాసింది తానే మర్నాడు చదవలేక తికమకపడేది. మొదటి వారంలోనే అక్క చూసి జాలిపడింది. "ఇటివ్వవే, నేను రాసిపెడతాను. అచ్చు వేసేవాడు నీ రాత చూస్తే ఉద్యోగం మానేస్తాడు." అలా మొదలయింది. నువ్వు వెతుకు, నేను రాస్తాను. ఆమె మాటల వెంట పడి ఇల్లిల్లూ, కొట్టుకొట్టూ, బస్సుల్లో ముందు సీటువాళ్ళ కబుర్లూ విని చిత్తు చీటీలు నింపుకొచ్చేది, అక్క ముత్యాల్లాంటి గుండ్రటి అక్షరాలతో సాపు చేసేది, ఆమె తన చిత్తుని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేసేది. చూడండి ఆ తెలివి. తన సాక్ష్యాన్ని తన చేత్తోనే చింపుకుంటూ, పైగా ప్రతిసారీ "థాంక్స్ అక్కా" అంటూ.

లోపల ఎవరో గట్టిగా ఏదో అన్నారు, కుర్చీ జరిగింది. అక్క గొంతు మాత్రం వినిపించట్లేదు. ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచదు. బల్ల గుద్ది చెప్పడం ఆవిడకి రాదు, అవసరమూ పడలేదు. అంత నెమ్మదిగా చెప్తే ఎవరైనా నమ్ముతారు. ఇరవై రెండో చీటీ గుర్తొచ్చింది. నిజాయితీగా చేసిన పనిని ఇంగ్లీషువాళ్ళు 'అబవ్ బోర్డ్', అంటే 'బల్లపైన' చేసిన పని అంటారు. పేకాటలో చేతులు బల్ల కిందికి పోనీకుండా పైన పెట్టి ఆడితే దొంగాట లేనట్టు కదా, దాంట్లోంచే పుట్టిందంటారు. అక్క చేతులూ పంతొమ్మిదేళ్ళు బల్లపైనే ఉన్నాయి. ఎడంచేత్తో చీటీ నొక్కి పట్టుకుని కుడిచేత్తో రాస్తూ, మధ్యలో ఆగి వేళ్ళు విదిలించుకుంటూ, వేసవిలో మణికట్టు కింద రుమాలు పెట్టుకుని. కింద ఏమీ జరగలేదు. జరిగిందంతా ఆమె కళ్ళెదుటే, పట్టపగలు, గుండ్రటి అక్షరాల్లో జరిగింది. దొంగ దొరికితే తన్నొచ్చు, మన పక్కనే కూర్చుని మన పనే చేసిపెడుతున్నవాళ్ళని ఏం చేస్తాం? అచ్చు కాగితాలు సోమవారం వచ్చాయి. మొదటి పేజీలో సంకలనకర్తగా అక్క పేరు, ఒక్కటే. తన పేరు కోసం ఆమె వెనక్కి తిప్పింది, ఇంకా వెనక్కి తిప్పింది. చిట్టచివర, చీటీలు అమర్చడంలో సాయపడినవాళ్ళ వరసలో దొరికింది, కట్టలకి దారం కట్టిన అటెండరు పేరు పక్కనే. ఎదురుగా అక్క తల వంచుకుని రాసుకుంటోంది. "అక్కా, ఇదేంటి?" అంటే, తల ఎత్తకుండానే, "బోర్డువాళ్ళు రాతని బట్టి వేశారే, నేనేం చేసేది?" అంది. అప్పుడు అన్నం డబ్బా మూత తీసి ఆమె వైపు జరిపింది, ఎప్పట్లాగే సగం నీకు సగం నాకు అన్నట్టు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారే, వీళ్ళిద్దరూ ఒకళ్ళ డబ్బాలో ఒకళ్ళు తిన్నారు. వాసాలు మాత్రం ఒకళ్ళే లెక్కపెట్టారు.

ఆ మధ్యాహ్నమే ఆమె బోర్డుకి అర్జీ రాసింది, కోడి గీతల్లోనే. అది చదవడానికి వాళ్ళు ఎంత కష్టపడ్డారో ఏమో. ఇవాళ విచారణ. అర్జీలో రాయకుండా ఒక్క మాట దాచుకుంది, అక్కకి కూడా తట్టి ఉండదని ఆమె ధైర్యం. చీటీల వెనక వైపు. అచ్చువాడికి ముందు వైపే కావాలి, వెనక్కి ఎవరూ తిప్పరు. సాపు చేశాక కట్ట కట్టి స్టీలు సొరుగులో పెడితే, మళ్ళీ విప్పి చూడడం అంటే సాపు చేసినవాళ్ళని అనుమానించినట్టే, ఆమె ఎన్నడూ చూడలేదు. కానీ అక్క రాత ఎంత నమ్మకమైనదో తెలుసు, ఉన్నది ఉన్నట్టు దించుతుంది, చుక్క కూడా వదలదు. ముందు వైపు దించినట్టే వెనక వైపూ దించి ఉంటుంది. వెనకాల ఉన్నదంతా ఆమె ఇల్లే. నాన్న, మెట్ల మీద. చిన్నమ్మ, గిన్నెలు తోముతూ. తమ్ముడు, క్యారమ్స్ ఆడుతూ ఓడిపోయాక. అక్కకి నాన్న లేడు, ఊహ తెలియకముందే పోయాడు, ఎన్నోసార్లు చెప్పుకుని ఏడ్చింది. మరి ఆ నాన్న ఎవరి నాన్న అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. బెంచీ మీద కూర్చుని ఈ మాట తలుచుకున్నప్పుడల్లా కడుపులో చల్లగా ఉంటోంది, వెంటనే సిగ్గేస్తోంది కూడా. అక్కని పట్టించడానికి అక్క నిజాయితీనే ఎర వేయాల్సి వస్తోందే అని.

నాన్న బోర్డులు రాసేవాడు. మెట్ల మీద కూర్చుని రేకు పలకని మోకాళ్ళకి ఆనించుకుని, నాలుక చివర బయటపెట్టి, కిరాణా కొట్లకీ దర్జీలకీ అక్షరాలు రాసేవాడు, ఆమెకి రాత రాకపోవడం చూసి "కుంచె పట్టినోడి కూతురు కోడి పట్టినట్టు రాస్తుందేంట్రా" అని నవ్వేవాడు. కొట్టు ఇద్దరిదీ, నాన్నదీ, తమ్ముడి కంటే ఎక్కువగా చూసుకున్న ఒక దోస్తుదీ. కొట్టు మీద ఇద్దరి పేర్లూ నాన్నే రాశాడు, దోస్తు పేరు ముందు పెట్టి. ఒకరోజు పొద్దున వెళ్ళేసరికి నాన్న పేరు ఉన్న చోట తెల్లరంగు. ఇంకా ఆరలేదు కూడా. నాన్న వేలితో ముట్టుకుని చూసి, ఆ వేలు లుంగీకి తుడుచుకుని ఇంటికొచ్చేశాడు. గొడవ పడలేదు, ఎందుకు పడలేదని అమ్మ బతికినన్నాళ్ళూ దెప్పింది. ఆ సంగతి జరిగిన ఎన్నో ఏళ్ళకి, ఆమె ఉద్యోగంలో చేరిన మూడో నెలలో, ఓ గురువారం సాయంత్రం మెట్ల మీద కూర్చుని, "నాన్నా, జనం 'బోర్డు తిప్పేశాడు' అంటారు కదా, ఆ మాట నువ్వెప్పుడైనా అన్నావా" అని అడిగితే, వీధి వంక చూస్తూ అన్నాడు. "బోర్డు తిప్పేసేవాడు ముందురోజు కూడా మనతో నవ్వుతూనే టీ తాగుతాడమ్మా." ఆమె చటుక్కున చిత్తు చీటీ తీసి రాసేసుకుంది. అది ఆమె రాసిన మొట్టమొదటి మంచి చీటీ. ముప్ఫై ఒకటో అర్థం, ఏ ఇంగ్లీషు నిఘంటువులోనూ లేనిది, పూర్తిగా మనది.

ఆ తరవాతి మంగళవారమే నాన్న ఆస్పత్రిలో పడ్డాడు. "నువ్వు నాన్న దగ్గరుండు, చీటీలు నేను చూసుకుంటాను" అంది అక్క. పరిచయమై నిండా మూడు నెలలు కాలేదు. రోజూ సాయంత్రం డబ్బా పట్టుకుని ఆస్పత్రికి వచ్చేది, నాన్న కాళ్ళ దగ్గర కూర్చునేది, చీటీలు సాపు అయిపోతున్నాయి బెంగపడకు అనేది. నాన్న పోయాక ఆమె ఇంక ఉద్యోగానికి రానని కబురు పెట్టింది. ఏ మాట విన్నా నాన్న గొంతులోనే వినిపించేది, ఇంకేం రాస్తుంది? నలభై రోజుల తరవాత ఇంట్లో గోడల వంక చూస్తూ కూర్చోలేక, చెప్పాపెట్టకుండా ఆఫీసు గుమ్మంలో నిలబడింది. ఆమెని చూసి అక్క చేతిలో కట్ట జారవిడిచింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. సొంత అక్కయినా ఇలా ఏడవదు అనుకుంది ఆమె. ఆ ఏడుపుకి రుణపడిపోయింది. ఆ తరవాత ఎవరేమన్నా, అక్క కొంచెం పేరాశ మనిషి జాగ్రత్త అని పెద్ద సంపాదకుడే ఓసారి అన్నా, నాన్న కాళ్ళ దగ్గర కూర్చున్న మనిషి అండీ ఆవిడ అని ఎదురు చెప్పింది. ఎదురు చెప్పినందుకు ఆయన నవ్వాడు, అంతే.

బోర్డు కూడా మొదట్లో రెండు మాటలట. ఒకటి పలక, ఇంకొకటి ఓడ పక్కభాగం. వేరువేరుగా పుట్టి, పలుకుబడి ఒకటే కావడంతో ఎప్పుడో వెయ్యేళ్ళ కిందట కలిసిపోయాయి, ఏ అర్థం దేనిదో తేల్చడం పండితులకే కష్టం. కలిసిపోవడంలో తప్పు లేదు, ఆమె కూడా కలిసిపోవాలనే కోరుకుంది. ఇద్దరి పేర్లూ వేసుంటే, అక్క పేరు ముందు వేసినా, ఇంకా సంతోషించేది. తెల్లరంగు ఎందుకు పూయాలి?

"రండమ్మా, పిలుస్తున్నారు."

గదిలో పొడుగాటి బల్ల, చుట్టూ ఏడుగురు, మూలన రాసుకునే గుమస్తా. బల్ల మధ్యలో ఆమె చీటీల కట్ట, దారం విప్పేసి. అక్క అటు చివర కూర్చుంది, చేతులు బల్లపైన పెట్టుకుని. అధ్యక్షుడు మంచివాడిలాగే ఉన్నాడు, చెవిలో మిషను పెట్టుకున్న పెద్దాయన. "చూడమ్మా, చీటీలన్నీ ఆవిడ చేతిరాతే. చీటీ మూలన పెట్టిన గుర్తూ ఆవిడదే. మీరు సేకరించారనడానికి ఆధారం ఏమైనా ఉందా?" అన్నాడు.

ఆమె కట్ట వైపు వేలు చూపించింది. "చిట్టచివరి చీటీ తీయండి సార్. ముప్ఫై ఒకటోది. ముందు వైపు ఒక వాక్యం ఉంటుంది, బోర్డు తిప్పేసేవాడు ముందురోజు కూడా మనతో నవ్వుతూనే టీ తాగుతాడని."

"ఉంది."

"అది మా నాన్న అన్న మాట సార్. వెనక్కి తిప్పండి, రాసుంటుంది. నాన్న, మెట్ల మీద, గురువారం."

పెద్దాయన తిప్పాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు. ఆమె వంక ఇబ్బందిగా చూసి, చదివాడు. "మా ఆయన. మంచం మీద కూర్చుని. ఆదివారం సాయంత్రం."

ఆమెకి సరిగ్గా వినపడలేదనిపించింది. చెయ్యి చాపితే చీటీ ఇచ్చారు. గుండ్రటి అక్షరాలు. ఇంకో చీటీ తిప్పింది, చిన్నమ్మ ఉండాల్సిన చోట మా అత్తగారు. ఇంకోటి, తమ్ముడి చోట మా మరిది. ఇంకోటి, ఇంకోటి. తన ఇంటిల్లిపాదీ సామాను సర్దుకుని అక్క ఇంట్లోకి మారిపోయారు. మళ్ళీ మొదటి చీటీ చేతిలోకి తీసుకుంది. ఇది మొన్న రాసింది కాదు. కాగితం పసుపు పచ్చబడింది, సిరా గోధుమరంగుకి తిరిగింది, మూలన సాపు చేసిన తారీకు. ఆ తారీకు ఆమెకి కంఠస్థం. నాన్న ఆస్పత్రిలో చేరిన పదకొండో రోజు. ఆ సాయంత్రం అక్క డబ్బా తెచ్చింది, నాన్న కాళ్ళకి దుప్పటి కప్పింది. ఆమె సోమవారం నుంచీ ఈ మధ్య అక్క మారిపోయిందనుకుంటోంది, ఏం తప్పు చేశాను, ఎప్పుడు చెడింది అని రోజులు వెనక్కి లెక్కపెడుతోంది. చెడడానికి ముందు అంటూ ఉన్నవి ఆ మొదటి మూడు నెలలే. పంతొమ్మిదేళ్ళ డబ్బాలూ, తిన్నావాలూ, అన్నీ ఈ చీటీ తరవాతివే.

"మా నాన్న మాట మీ ఆయన నోట్లో పెట్టావా అక్కా?" అంది. అరవాలనుకుంది, మామూలుగానే వచ్చింది.

అక్క బల్ల వంకే చూస్తోంది. ఆ నెమ్మది గొంతుతోనే అంది. "నువ్వింక తిరిగి రావనుకున్నానే. రానని కబురు రాకముందే అనుకున్నాను, నీ మొహం చూసి. ఒకటి అలా రాసేశాను. నువ్వు గుమ్మంలో కనపడ్డావు. తరవాత... ఒకటి అలా ఉన్నాక మిగతావీ అలా రాయక తప్పలేదు."

ఓహో. గుమ్మంలో ఆ ఏడుపు అందుకన్నమాట.

గుమస్తా కలం పట్టుకుని ఆగిపోయి, "సార్, ఇది రాయమంటారా?" అన్నాడు. పెద్దాయన చెవి మిషను ఓసారి తడుముకుని, "ప్రతి ముక్కా రాయవయ్యా. మొదటి పేజీ కూడా మళ్ళీ కూర్చమని ప్రెస్సుకి చెప్పు" అన్నాడు. అంటే గెలిచినట్టే. ఏడుగురూ ఆమె వంక చూస్తున్నారు, సంతోషిస్తుందేమోనని. ఆమెకి సంతోషం ఎక్కడా దొరకలేదు. గుమస్తా దగ్గర కలం అడిగి తీసుకుంది. చీటీ వెనక వైపు 'మా ఆయన' అన్నది కొట్టేసి, కింద ఉన్న కాస్త చోటులో రాసింది. నాన్న. మెట్ల మీద. గురువారం. అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కాయి. పంతొమ్మిదేళ్ళలో ఆ కట్టలో ఆమె రాత పడడం అదే మొదటిసారి. పక్కనున్న సభ్యుడు తొంగి చూసి, ఏం రాశారో అర్థం కాక మొహం చిట్లించాడు.

బల్ల అటు చివర నుంచి, ఏమీ ఆలోచించకుండానే, అక్క చెయ్యి ముందుకొచ్చింది. "ఇటివ్వవే" అంది, ఎప్పట్లాగే.

ఆమె చెయ్యి కూడా చీటీతో పాటు సగం దూరం వెళ్ళింది. అక్కడ ఆగింది. చీటీని బల్ల మీద బోర్లించి, దాని మీద అరచెయ్యి పెట్టి, అలాగే కూర్చుండిపోయింది.